చిక్కుడు పాదులో కాళ్ళు కడిగిన రోజు

సింకు కింద బకెట్ ఎందుకని ఫోన్లో అడిగావు కదా బుజ్జీ, బియ్యం కడిగిన నీళ్ళు మొక్కలకు పొయ్యడానికమ్మా. ఈ అలవాటు నాకు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో అబ్బింది.

కిందటి ఎండాకాలం బచేలిలో ఉన్న మా చెల్లెలి దగ్గరికి వెళ్తుంటే, కోంటా దాటాక తెలుగు మాట్లాడే ఒక ఊళ్ళో బస్సు చెడిపోయింది. రోడ్డు పక్క ఇంట్లో నా ఈడు ఆవిడ చెంబుతో నీళ్ళిచ్చింది. వాకిట్లోనే నిలబడి కాళ్ళ మీద కుమ్మరించుకోబోయాను.

"ఓ అక్కా, ఆగాగు! ఏంది, రోడ్డుకు తానం పోస్తున్నవా?" అంటూ నా చెయ్యి పట్టుకుని చిక్కుడు పాదు దగ్గరికి తీసుకెళ్ళింది. "ఈడ కడుగు."

"మురికి కాళ్ళమ్మా!"

"దానికేం పట్టింపు లేదులే. మొన్న సర్పంచు గూడ ఈడనే కడుక్కున్నడు."

ఊళ్ళో చేతిపంపు ఎండిపోయిందట. వాగు ఇసుకలో చెలమ తవ్వి నీళ్ళు మోసుకొస్తోంది. వాళ్ళమ్మ ఇచ్చిన చిక్కుడు అది. ఆ సంవత్సరం కాయలకు పురుగు పట్టి, విత్తనానికి ఒక్క గింజా దక్కలేదు. మిగిలింది ఆ ఒక్క తీగే.

"ఇది ఎండితే మా అమ్మ ఇత్తనం పోయినట్టే. వానలు పడేదాక సావనియ్య," అంది.

అంతలో బస్సు హారన్ మోగింది. మొహం కూడా ఆ పాదులోనే కడుక్కుని బస్సెక్కాను.

మీరెంత నవ్వినా ఆ బకెట్ నేను తియ్యను. తిరుగు ప్రయాణం రైల్లో కావడంతో ఆ ఊరు మళ్ళీ చూడలేదు. ఆ తీగ వానల దాకా బతికిందంటావా, బుజ్జీ?