దేవుడితోనే అన్నానమ్మా

ఆ శిబిరానికి నేను ముచ్చటపడి వెళ్ళలేదు. బడి వాళ్ళు పంపించారు. డెబ్భైల చివర్లో ఒక వేసవి సెలవుల్లో, టీచర్లకి వ్యక్తిత్వ వికాసం నేర్పుతామంటూ రాజోలు దగ్గర ఒక హాస్టల్లో ఐదు రోజుల శిబిరం పెట్టారు. అమలాపురంలో మేం పనిచేసే ఆడపిల్లల బడి నుంచి ఇద్దర్ని పంపమని కాగితం వచ్చింది. సెలవులు పాడుచేసుకోవడం ఇష్టంలేక మిగతా వాళ్ళంతా ఏదో ఒక వంక చెప్పారు. చివరికి పెద్దదని కుట్టు టీచర్నీ, చిన్నదాన్నని నన్నూ రాసేశారు.

కుట్టు టీచర్ని అందరం అక్కయ్యగారనే వాళ్ళం. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. నేను ఉద్యోగంలో చేరిన మొదటిరోజు, ఏ క్లాసులో బోర్డు బాగోదో, ఏ కుర్చీకి కాలు విరిగిందో చెప్పి కాపాడింది ఆవిడే. ఇద్దరిదీ ఒకే పేట, ఒకే చర్చి. ప్రతి గురువారం సాయంత్రం ఆడవాళ్ళ ప్రార్థన కూడిక నడిపేది ఆవిడే. నాకు సొంత అక్క లేదు. ఆవిడ "చెల్లీ" అని పిలిస్తే ఆ లోటు తీరినట్టుండేది. ఇప్పుడీ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా.

శిబిరం నడిపే ఆయన మద్రాసు నుంచి వచ్చారు. చెప్పుల్లేకుండా నడిచేవారు, చాపమీద కూర్చునే మాట్లాడేవారు. మొదటిరోజే మా చేతిగడియారాలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో వేయించి తాళం పెట్టారు. పేపరు చదవకూడదు, ఉత్తరం రాయకూడదు, గేటు దాటకూడదు. ఇవన్నీ ఎలాగో భరించాం. ఐదు రోజులపాటు ఒకరినొకరు "గారు" అనకూడదు, "అండీ" అనకూడదు అన్నారు చూడండి, అక్కడ పడ్డాం. ఎవరైనా నోరుజారితే ఇంకొకరు జారేదాకా నిలబడాలి. మా వైపు తిట్టుకున్నా అండీ అనే తిట్టుకుంటాం. కొత్తపేట వైపు నుంచి వచ్చిన డ్రిల్లు మాస్టారొకరు, "ఆయ్, తప్పయిపోయిందండి" అని కూర్చోబోయి మళ్ళీ లేచేవారు. మొదటి పూటంతా ఆయన నిలబడే ఉన్నారు. మేం నవ్వి నవ్వి అలిసిపోయాం. అలా నవ్వించే మాలో బెరుకు పోగొట్టారని తర్వాత అర్థమైంది.

మూడోరోజు భయాల పని పెట్టారు. భయం అన్నది మనిషి లోపల దాక్కుని పెరుగుతుందనీ, ఒక్కసారి నోటితో బయటికి అనేస్తే సగం బలం పోతుందనీ చెప్పారు. జోడీలుగా విడిపోయి ఒకరి భయం ఒకరికి చెప్పుకోవాలి. ముందు ముప్ఫైమందిమీ చేతులెత్తి, ఇక్కడ విన్నది ఇక్కడే వదిలేస్తామని మాటిచ్చాం. అక్కయ్యగారు నా పక్కనే నిలబడి అందరికంటే గట్టిగా చెప్పింది. మేమిద్దరం జోడీ కావడం గురించి ఎవరూ అడగను కూడా అడగలేదు.

హాస్టలు వెనక వసారాలో, విరిగిన బల్లల పక్కన కూర్చున్నాం. ముందు ఆవిడే చెప్పింది. ఏం చెప్పిందో ఇక్కడ రాయను. చాలా ఏళ్ళ కిందటి సంగతి. బయటికి వస్తే బడిలో గానీ చర్చిలో గానీ ఆవిడ తలెత్తుకోలేదు, అంతవరకు చెప్తాను. ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను.

తర్వాత నా వంతు. నాకు పదమూడో ఏట మొదటిసారి మూర్ఛ వచ్చింది. క్లాసులో పద్యం అప్పజెబుతూ పడిపోయాను. తెలివొచ్చేసరికి నా చేతిలో ఎవరిదో తాళాల గుత్తి ఉంది, మా వైపు మూర్ఛ వస్తే చేతిలో ఇనుము పెడతారు. నా పరికిణీ తడిసి ఉంది. పిల్లలంతా గోడకి అంటుకుపోయి నన్నే చూస్తున్నారు. పదిహేడో ఏడు వచ్చేలోపు ఇంకో నాలుగుసార్లు వచ్చింది. ఆ తర్వాత రాలేదు. కాకినాడలో డాక్టరుగారు మాత్రలు కూడా మాన్పించారు. మేం ఇల్లు మారాం, పేట మారాం, మా నాన్న ఆ మాటే ఇంట్లో ఎత్తనివ్వలేదు. నేను మాత్రం పాఠం చెబుతూ చెబుతూ ఒక్కసారి కళ్ళముందు మెరుపులాంటిదేదైనా కదిలితే బల్ల అంచు పట్టుకునేదాన్ని. జబ్బు పోయింది. ఆ గోడకి అంటుకున్న పిల్లల చూపులు పోలేదు.

అప్పటికి నాకు సంబంధం కుదిరి ప్రధానం కూడా అయిపోయింది. ఉంగరాలు మార్చుకున్నాం. కొత్తపేటలో లెక్కల మాస్టారతను. నవ్వితే భుజాలు కదిలేవి. పెళ్ళిచూపుల్లో అందరూ నన్ను వంట గురించి అడిగితే, అతనొక్కడే పిల్లలకి ఏ పాఠం చెప్పడం ఇష్టమని అడిగాడు. నాకు నచ్చాడు, దాచేదేముంది. అతని పిన్నిగారిది మా పేటే, ఆవిడ కూడా గురువారం కూడికకి వచ్చేది. అతనికి నా జబ్బు సంగతి చెప్పొద్దని నాన్న ఒట్టు వేయించుకున్నారు. చెప్పకుండా పెళ్ళి చేసుకోవడం నా వల్ల కావడం లేదు. చెబితే ఏమవుతుందోనని అన్నం సయించడం లేదు. ఇదీ నా భయం.

అక్కయ్యగారు నా చెయ్యి వదలకుండా అంతా వింది.

"నువ్వే చెప్పేయి చెల్లీ. నీ నోటితో చెబితే అర్థం చేసుకుంటాడు. మంచివాడిలా ఉన్నాడు" అంది.

చివరిరోజు ఒక్కొక్కరికీ ఒక కాగితం ఇచ్చారు. నీ భయం ఎవరికి చెప్పాలి, ఎప్పటిలోగా చెబుతావు అని రెండే ప్రశ్నలు. అతనికి, వచ్చే ఆదివారం అని రాశాను. ఆ ఆదివారం అతను పిన్నిగారింటికి భోజనానికి వస్తున్నాడు, నన్నూ మా అమ్మనీ కూడా పిలిచారు. అక్కయ్యగారు నా కాగితం చదివి, చదివానన్నట్టు తలూపి మడిచి ఇచ్చింది. మంగళవారం మధ్యాహ్నం బస్సులో వెనక్కి వస్తుంటే, అతనితో ఏ మాటతో మొదలుపెట్టాలో ఆవిడే నాకు నేర్పింది. పి.గన్నవరం దాటేదాకా ఇద్దరం అదే వల్లె వేశాం. ఏళ్ళ తరబడి గుండెల మీదున్న బరువు అప్పుడే దిగిపోయినంత హాయిగా ఉంది నాకు.

గురువారం వచ్చింది.

మా కూడిక పద్ధతి తెలియని వాళ్ళకి ఇది అర్థం కాదు. పాట, బైబిలు వాక్యం అయ్యాక ప్రార్థన అంశాలు చెప్పుకుంటాం. ఒకరి కోడలికి నెలలు నిండాయి, ఒకరి అబ్బాయికి మస్కట్ వీసా రాలేదు, ఒకరి గేదె ఈనలేదు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు మూసుకుని ఒకరి తర్వాత ఒకరు పైకే ప్రార్థన చేస్తాం. ఎవరి ఇంట్లో ఏం జరిగిందో మా పేటకి ఇలాగే తెలిసేది. ఒకావిడకి తన మొగుడు మళ్ళీ తాగుతున్నాడని మా ప్రార్థనలోనే తెలిసింది. అయినా దాన్నెవరూ చాడీ అనుకునేవారు కాదు, దేవుడికి చెప్పుకోవడం చాడీ ఎలా అవుతుంది? నేనూ అలాగే అనుకునేదాన్ని. నా దాకా రానంతవరకు.

ఆఖరున అక్కయ్యగారు అందుకుంది. గొంతు గద్గదంగా ఉంది.

"ప్రభువా, మా చెల్లిని నీ చేతుల్లో పెడుతున్నాం తండ్రీ. చిన్నతనంలో ఆ మూర్ఛరోగంతో ఎంత నలిగిపోయిందో నీకు తెలుసు. మొన్న శిబిరంలో అంతా చెప్పుకుని ఏడ్చింది తండ్రీ. పెళ్ళి దగ్గర పడుతోంది. ఆ కుటుంబానికి చెప్పే ధైర్యం లేక రాత్రింబగళ్ళు కుమిలిపోతోంది. ఆ ధైర్యం దయచెయ్యి తండ్రీ. ఆ రోగం మళ్ళీ దాని దరిదాపులకి రాకుండా..."

చుట్టూ ఆడవాళ్ళు "అవును ప్రభువా" అంటున్నారు. నేను కళ్ళు తెరిచాను. అంతమందిలో ఇంకొకరి కళ్ళు కూడా తెరిచి ఉన్నాయి. అవి అతని పిన్నిగారివి. నన్నే చూస్తోంది. పదమూడో ఏట గోడ దగ్గర పిల్లలు చూసిన చూపు అది. ప్రార్థన ఇంకా సాగుతూనే ఉంది, నా పక్కనున్న మా అమ్మ ఏడుస్తోంది.

మర్నాడు పొద్దున్నే పిన్నిగారు కొత్తపేట బస్సెక్కింది. శనివారం అతనూ, అతని అన్నగారూ వచ్చారు. మా నాన్న వాళ్ళకి కుర్చీలు వేసి, తను నిలబడే, "ఎప్పుడో చిన్నప్పటి మాటండి, పూర్తిగా తగ్గిపోయిందండి" అని పదేపదే అన్నారు. ఎవరిముందూ తల వంచని మనిషి. ఆయన్ని అలా చూడాల్సి వచ్చినందుకు అక్కయ్యగారిని నేనివాళ్టికీ క్షమించలేదు.

అతను నాతో ఒక్క నిమిషం మాట్లాడాలన్నాడు. అరుగు మీదికి వెళ్ళాం.

"జబ్బు గురించి కాదండి. శిబిరంలో ఎవరికో చెప్పేరంట. నాకెందుకు చెప్పలేదండి?" అన్నాడు.

"రేపు చెబుదామనుకున్నానండి. రేపే. కాగితం మీద రాసుకున్నాను కూడా."

అతను ఉంగరం వేలు తడుముకున్నాడు.

"ఇప్పుడలాగే అంటారు కదండీ" అన్నాడు.

లోపలికి పరిగెత్తి ఆ కాగితం తెచ్చి చూపించవచ్చు. కానీ నమ్మనని ముందే అన్న మనిషికి రుజువులు చూపించుకోవడానికి మనసొప్పలేదు. ఉంగరం తీసి అరుగు మీద పెట్టాను. అతను తనది కూడా తీశాడు. అక్కయ్యగారు మూడు రోజులు, మూడే మూడు రోజులు ఆగి ఉంటే ఆ మాట నా నోటి నుంచి వినేవాడు. విన్నాక వద్దన్నా బాధపడేదాన్ని కాదు, నా మాటకి అతని జవాబు అది అనుకునేదాన్ని. అసలు ఏమనేవాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సంబంధం పోయినందుకంటే, ఆ తెలియకపోవడమే నన్ను ఎక్కువ కాల్చింది.

సోమవారం తిన్నగా అక్కయ్యగారి ఇంటికి వెళ్ళాను. మిషన్ ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టు కుడుతోంది.

"మాటిచ్చేరు కదండీ" అన్నాను.

మిషన్ ఆపింది. నిజంగానే ఆశ్చర్యపోయినట్టు చూసింది.

"నేనెవరితో అన్నానే? ఒక్కరితో అంటే అడుగు. దేవుడితోనే అన్నానమ్మా."

"ఆయనకి తెలియదా అక్కయ్యగారూ? తెలియకపోతే మాత్రం, ఆయనకి చెవుడా, అంత గట్టిగా చెప్పడానికి?"

"అంత మాటనకు. నీ మేలు కోరే చేసేను. దాచిపెట్టి చేసుకునే పెళ్ళి దేవుడికి ఇష్టం ఉండదు" అంది.

ఆవిడ అబద్ధం ఆడటం లేదు. అదే నన్ను పిచ్చిదాన్ని చేసింది. తను ఇచ్చిన మాట దేవుడికి వర్తించదని మనస్ఫూర్తిగా నమ్మింది. నాకు ద్రోహం చేసి, నాకోసం ఏడ్చినందుకు నేను మెచ్చుకోవాలని కూడా అనుకుంది. గుమ్మం దాటి వచ్చేశాను.

ఆ గురువారం కూడికకి వెళ్ళొద్దని అమ్మ బతిమాలింది. వెళ్ళాను. నేనొస్తానని ఎవరూ అనుకోలేదు, చాప మీద పక్కకి జరిగి చోటిచ్చారు. నా వంతు వచ్చింది. కళ్ళు మూసుకోలేదు. అక్కయ్యగారి మొహం చూస్తూనే మొదలుపెట్టాను.

"ప్రభువా, మా అక్కయ్యగారి కోసం ప్రార్థిస్తున్నాను. ఆవిడ మనసులో ఎన్నో ఏళ్ళుగా ఒక భయం ఉంది తండ్రీ. అదేమిటో నీకు తెలుసు. నాకూ తెలుసు."

ఆవిడ కళ్ళు తెరిచింది. పెదాలు తెల్లబడ్డాయి. చెయ్యి ఎత్తి, ఎందుకెత్తిందో తెలియనట్టు మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. నేను ఆగాను. ఎంతసేపు ఆగానో లెక్క తెలియదు. మాట నాలుక చివర ఉంది. అంటే ఏమవుతుందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ గదిలో లేరు.

"ఆవిడని కాపాడు తండ్రీ. ఆమెన్" అన్నాను.

అందరూ నా మంచితనాన్ని మెచ్చుకున్నారు. ఎంత పెద్ద మనసమ్మా, ఆవిడ కోసమే ప్రార్థన చేసేవు అన్నారు. అది మంచితనం కాదు. అనడం కంటే అనకపోవడంలోనే నా చేతికి ఎక్కువ బలం చిక్కుతుందని ఆ క్షణాన తెలిసింది, అంతే. ఆ తర్వాత ఆవిడ కూడికలో ఎవరి సంగతీ ఎత్తి ప్రార్థన చేయలేదు. నాకు ముందుగా చోటు ఉంచేది. మా ఇంటికి క్యారేజీలో కూరలు పంపేది. నేను గొంతు సవరించుకుంటే చాలు, మోకాళ్ళ మీద కదిలేది. నాకు పెళ్ళయి ముమ్మిడివరం వెళ్ళిపోయేదాకా ఆరేళ్ళపాటు ప్రతి గురువారం ఇదే తంతు. ఆవిడ నా దగ్గరికొచ్చి తప్పయిపోయిందమ్మా అంటుందని ఆ ఆరేళ్ళూ ఎదురుచూశాను.

నేను వెళ్ళిపోయే రోజు బస్టాండుకి వచ్చింది. అప్పటికి జుట్టంతా నెరిసిపోయింది. ఇప్పుడంటుంది అనుకున్నాను. నా రెండు చేతులూ పట్టుకుని, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మా, ఎక్కడా అనవు కదూ?"

అనను అని ఒక్క మాట చెబితే ఆ ముసలిప్రాణం కుదుటపడేది. చేతులు విడిపించుకుని బస్సెక్కాను. ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఆ ఒక్క మాట చెప్పలేదు.