బుచ్చమ్మ పాడదు

మా పాప ధాత్రిని చూసుకునే బుచ్చమ్మ గొంతు ఉగాది తర్వాత బొంగురుపోయింది. ఆమె అమీర్‌పేటలోని ఒక డే కేర్‌లో ఆయమ్మ. పదకొండు మంది పసిపిల్లలను మధ్యాహ్నం నిద్రపుచ్చడం ఆమె పని. దగ్గు లేదు, జ్వరం లేదు. అయినా పాపకు ఏదైనా అంటుకుంటుందేమోనన్న భయంతో నేనే ఆమెను పంజాగుట్టలో గొంతు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను.

ఆయన సన్నటి గొట్టంతో లోపలికి చూసి, పార పట్టిన అరచేతికి కాసినట్టు స్వరతంతువుల మీద కాయలు కాశాయన్నాడు. గట్టిగా అరుస్తారా, పాఠాలు చెబుతారా, పాటలు పాడతారా అని వరసగా అడిగాడు. బుచ్చమ్మ మూడింటికీ తల అడ్డంగా ఊపింది. అయితే కడుపులో ఆమ్లం ఎగదన్ని ఉంటుందని మాత్రలు రాసి, నెల తర్వాత రమ్మన్నాడు.

మాత్రలు వాడినా గొంతు ఇంకా దిగిపోయింది. ఒకరోజు పాప కోసం ముందే వెళ్తే గది బయటికే వినిపించింది. ఒళ్లో ఇద్దరు, చాచిన కాళ్ల మీద ఒకరు. చిరిగిన గొంతుతోనే జోల సాగదీస్తోంది. అలా రోజూ గంటన్నరట. డాక్టరుకు పాడనని చెప్పారు కదా అన్నాను.

"గది పాటెట్ల అయితది బిడ్డా? పండబెట్టుడు గది. పాటంటే స్టేజి మీద మైకు పట్టుకున్నోళ్లది. గిది సుత పాటంటే నాకు శాలువ కప్పాలె."

ఆమె లెక్క అంతే. సిద్దిపేట దగ్గరి ఊళ్లో నాట్లు వేస్తూ ఒకరు అందిస్తే అందరూ అందుకున్నది పని. సనత్‌నగర్‌లో లేత్ పని చేసే భర్త పోయినప్పుడు, ఆయన మంచితనం ఒక్కొక్కటే చెబుతూ రాగం తీసింది ఏడుపు. బతుకమ్మది మాత్రమే పాట, అదీ తొమ్మిది రోజులే. నేను చదివిన ఫిజిక్స్‌లో ఈ తేడాలు లేవు. ఏడ్చినా, జోల పాడినా ఆ తంతువులు సెకనుకు రెండు వందల సార్లు ఒకదానికొకటి కొట్టుకోవలసిందే. అదే ఆమెకు చెప్పాను.

రెండోసారి డాక్టరుకు తనే చెప్పింది: "రోజూ పాడుతనే ఉన్న సారూ." ఆరు వారాలు మౌనం, గుసగుస కూడా వద్దు, లేదంటే గొంతు తిరిగి రాకపోవచ్చు అన్నాడాయన. ఆసుపత్రి మెట్ల మీదనుంచే డే కేర్ నడిపే రాగసుధకు ఫోన్ చేశాను. సెలవు ఇస్తుందట. కానీ ఆ ఆరు వారాలకు ఆమె బదులు పెట్టుకునే మనిషిని మళ్లీ తీసెయ్యడం కుదరదట.

"గొంతుకు మందులన్నా ఉన్నయి. నౌకరి పోతే ఏ డాక్టరు రాస్తడు? రేపటి సంది నోరు మూస్త, చేతులతోటే పండబెడ్త" అంది బుచ్చమ్మ.

మొదటి రెండు రోజులూ జోకొట్టి చూసింది. పిల్లలు పడుకోలేదు. రాగసుధ రెండుసార్లు వచ్చి గుమ్మంలో నిలబడి వెళ్లిందట.

మూడో రోజు ఆఫీసులో కూర్చుని, ఫోన్‌లో డే కేర్ కెమెరా తెరిచాను. బొమ్మే కనిపిస్తుంది, శబ్దం రాదు. ధాత్రి ఎర్రబడిపోయి ఏడుస్తోంది. బుచ్చమ్మ ఎత్తుకుని భుజాన వేసుకుంది. పెదాలు బిగించే ఉన్నాయి. కాసేపటికి పాప ఏడుపు ఆపి, చెంప ఆమె మెడకు ఆనించింది. పక్క పరుపుల మీది పిల్లలూ ఒక్కొక్కరే అటు తిరిగి సద్దుమణిగారు. గొంతులోనే జోల తీస్తోంది; నోరు తెరవకపోతే అది పాట కాదనుకుంటోంది.

ఇప్పుడే ఫోన్ చేసి ఆపమని చెప్పాలి. పాప కళ్లు మూతలు పడుతున్నాయి. నేను చేయలేదు.