తప్పుల గడి

గత మంగళవారం ఉదయం బందరులోని నా బైండింగు దుకాణం తెరుస్తుండగా మాస్టారి అమ్మాయి ఫోను చేశారు. "నాన్నగారు వెళ్ళిపోయారండీ" అన్నారు, అంతే. చేతిలోని తాళంచెవిని ఏం చేయాలో కాసేపు తోచలేదు.

ఆయన విశ్వవిద్యాలయంలో ఆంగ్లం బోధించి పదవీ విరమణ చేసినవారు. అక్కడి హాల్లో నెలకొక శనివారం సాయంత్రం ఊరివారి కోసం ఉచితంగా సినిమా వేయించేవారు. దేశదేశాల సినిమాలు, కింద ఆంగ్ల అక్షరాలు. వాటిని ఆయన మైకులో అప్పటికప్పుడు తెలుగులో చెప్పేవారు. పెడన నుంచి కలంకారీ అద్దకం పనిచేసే ఆడవాళ్ళు ఆటోల్లో వచ్చి, పెద్దల ఇంటికి వచ్చినట్టు చెప్పులు గుమ్మం బయటే విడిచేవారు.

"చెప్పులతోనే రండమ్మా, ఇది మీ హాలే."

"మా చెప్పుల నిండా రంగేనండీ మాస్టారూ, మీ గచ్చు పాడవుద్ది."

ఆ వాదన ఏ నెలా తెగలేదు.

నేను ఏడో తరగతితో చదువు ఆపినవాణ్ణి. చూసిన ప్రతి సినిమాకూ నోటుపుస్తకంలో గళ్ళు గీసి పేరు, దేశం, ఎలా ఉందన్నది రాసుకునేవాణ్ణి. ఒకనాడు అది చూసి మాస్టారు, "ఇంకో గడి గియ్యవయ్యా, నా తప్పులకి" అన్నారు. తెర మీది అక్షరాలనూ ఆయన మాటలనూ పక్కపక్కన పెట్టుకునే, ఏళ్ళ తరబడి, నేను ఆంగ్లం నేర్చుకున్నాను. సినిమా అయ్యాక పుస్తకం చూపిస్తే, "నాలుగేనా? మొహమాటపడ్డావు" అని నవ్వేవారు.

చివరి ప్రదర్శన నాటికి ఆయన చూపు బాగా మందగించింది. ఎవరికీ చెప్పలేదు. ఎప్పుడో చూసిన కథను జ్ఞాపకం మీదే చెబుతున్నారని కాసేపటికే నాకు అర్థమైంది. ఇల్లు విడిచి వెళుతున్న కూతురితో తెర మీది తల్లి, ఇక ఈ గడప తొక్కవద్దంది. మాస్టారు "వెళ్ళి రా తల్లీ" అన్నారు. ముందు వరుసలో పమిట చెంగులు కళ్ళకు వెళ్ళాయి.

దీపాలు వెలిగాక అడిగారు: "ఎన్నయ్యా ఇవాళ?"

"ఏమీ లేవండీ."

"పట్టీ రాసేవాడు అబద్ధమాడకూడదయ్యా" అన్నారు మెల్లగా. నా భుజం పట్టుకుని మెట్లు దిగారు. ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది. ఆయన నమ్మి అప్పగించిన ఒకే ఒక్క పని తప్పాను. సరిదిద్దుకుందామంటే ఇక ఆయన లేరు.

మొన్న శనివారం ఆయన జ్ఞాపకార్థం అదే సినిమా వేశారు. మైకు నాకిచ్చారు. ఈసారైనా ఉన్నదున్నట్టు చెప్పాలని నిశ్చయించుకున్నాను. ఆ ఘట్టం వచ్చింది. తల్లి తలుపు దగ్గర నిలబడింది. అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. నేను నోరు తెరిచేలోగా ముందు వరుసలోంచి ఒక పెద్దావిడ అనేశారు: "వెళ్ళి రా తల్లీ." వెనక మరికొన్ని గొంతులు అందుకున్నాయి.

నేను మైకు దించేశాను. తెర మీద కూతురు మెట్లు దిగుతోంది. బయట గుమ్మం పక్కన, రంగు మరకల చెప్పుల వరుసలో, ఆ రోజు నావి కూడా ఉన్నాయి.