చిటికెనవేలంత తూటా... బొటనవేలంత తూటా

మా చిన్నప్పుడు... చెనక్కాయ చేను ఊడలు దిగే రోజుల్లో, పొద్దు వాలగానే నాయన తుపాకి భుజాన వేసుకుని చేనికి బయలుదేరేవాడు. ఒక్కసారి అడవిపందులు దిగాయంటే ఎకరం చేను దున్నేసినట్టే.

అది మా తాత ఎవరో తోట దొర దగ్గర కొన్న తుపాకి. కింద ఇనుప మీట ఉండేది. దాన్ని కిందికి దించి పైకి లాగితే కొత్త తూటా ఎక్కుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కసారి లాగనిస్తాడేమోనని నాయన చుట్టూ తిరిగేదాన్ని... టక్... టకా...

దాని తూటా నా చిటికెనవేలంత ఉండేది. కుందేళ్లకు చాలు. పందికి చాలదని మాకు ఆలస్యంగా తెలిసింది.

ఒక సాయంత్రం నాయన చేని గెనిమ గట్టు మీద కూర్చుని పెద్ద మగపందిని కొట్టాడు. అది అరిచింది... ఒళ్లు విదిలించుకుంది... నడుచుకుంటూ చెరుకుతోటలోకి పోయింది. ఆకుల మీద నెత్తురు చుక్కలు మాత్రం మిగిలాయి.

గాయపడ్డ పందిని అట్లా వదిలేస్తే మరునాడు తోటలోకి పోయే కూలీల గతి ఏమిటి... అందుకే తెల్లవారగానే నాయన, ఆయన తమ్ముడు మా చిన్నాయన దాన్ని వెతకడానికి పోయారు. నన్ను మంచె ఎక్కించి, దిగొద్దని చెప్పారు.

పైనుంచి అంతా చూశాను.

చెరుకు ఆకులు కదిలాయి. ఈటె పట్టుకున్న చిన్నాయన మీదికి పంది సూటిగా వచ్చింది. తల వంచి ఎత్తి విసిరింది. దాని కోర ఆయన తొడను మోకాలి నుంచి పైదాకా చీల్చేసింది. నాయన రెండు బారల దూరం నుంచి కాల్చాడు... మీట లాగాడు... మళ్లీ కాల్చాడు. పంది తిరిగి చిన్నాయన మీదికే పోయింది. మూడోది కూడా దాన్ని ఆపలేదు. నాలుగోది గొట్టం చెవిలో పెట్టి కాల్చితే, అది చిన్నాయన కాళ్ల మీదే కూలింది. మంచె మీది నుంచి చూస్తే ఏది ఎవరి నెత్తురో తెలియలేదు.

నాయన పంచె చించి కట్టు కట్టాడు. నులకమంచం మీద వేసి, ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ట్రాక్టర్లో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. కాలు నిలిచింది. కానీ కూతకు పోతే ముగ్గురిని తాకి వచ్చే మా చిన్నాయన మళ్లీ కబడ్డీ ఆడలేదు.

ఆ పందిని నాయనే కోశాడు. భుజం మీద తోలు కింద రేకులాంటి గట్టి పొర ఉంది. ముందురోజు తూటా అందులోనే గుండీలాగా అణగిపోయి ఇరుక్కుని ఉంది. దాన్ని కడిగి అమ్మ ముందు పెట్టాడు.

"ఇది తోలు గూడా దాటలేదు మే" అన్నాడు.

ఆ తర్వాత నాకు కళ్లద్దాలు కొనడానికి చిత్తూరు పోయినప్పుడు, నాయన నన్ను తుపాకుల అంగడికి తీసుకుపోయాడు. అదే మీట తుపాకి కావాలి, గుండు మాత్రం పెద్దది కావాలని అడిగాడు. అంగడి సాయిబు రెండు తూటాలు తీసి నా అరచేతిలో పెట్టాడు. ఒకటి సన్నగా పొడుగ్గా ఉంది. రెండోది నాయన బొటనవేలంత ఉంది.

"ఈ పెద్దది పందిలో ఆగదన్నా. దాని అవతల ఏముండాదో చూసుకోని కొట్టాల" అన్నాడు సాయిబు.

"అది ఆగకపోతే పాయె. పంది ఆగితే చాలు."

లైసెన్సులో మార్పు రాయించుకోవడానికి నెలల తరబడి తిరిగాడు నాయన. కొత్త తుపాకి వచ్చింది.

మొదటిసారి దాన్ని పేల్చినప్పుడు నేను గెనిమ మీద నాయన వెనకే ఉన్నాను. ఇంకా వెలుగుంది. ఆ మోత నా రొమ్ములో తగిలింది. పంది నిలబడిన చోటే కూలిపోయింది... కాలు కూడా కొట్టుకోలేదు. నేను చప్పట్లు కొట్టాను.

అప్పుడు బావి వైపు నుంచి అరుపు వినిపించింది.

తూటా పందిలోంచి దూసుకుపోయి, బావి దగ్గర కట్టేసిన మా ఎద్దు ముందుకాళ్లు రెండూ విరగ్గొట్టింది. దానికి నాలుగు బారల ఇవతల చిన్నాయన కూర్చుని ఉన్నాడు, చేతికర్ర పక్కన పెట్టుకుని.

నాయన దగ్గరికి పోయాడు. గడ్డి తెచ్చాడనుకుందేమో, ఎద్దు తల ఎత్తింది. నాయన మీట లాగాడు... కాల్చాడు... అక్కడే కూలబడ్డాడు. నాయన ఏడవడం చూడటం నాకు అదే మొదలు.

చిన్నాయన చేతికర్ర ఊతంగా దగ్గరికి వచ్చి అన్నాడు. "తుపాకి తప్పు గాదులేన్నా. కిందనించి కొట్టినావు. పైనించి కొట్టింటే మట్టిలోకి పొయ్యేది."

ఆ తర్వాత నాయన మంచె మీది నుంచి తప్ప ఎప్పుడూ కాల్చలేదు. గాయంతో తోటలోకి పోయిన పంది కూడా మళ్లీ లేదు.

మొన్న ఆదివారం, ఇక్కడ సింగపూర్‌లో మా ఫ్లాట్‌లో, మావాడు ఫోన్లో ఆట ఆడుతున్నాడు. ఈ దేశంలో తూటా ఒక్కటి ఇంట్లో దొరికినా జైలే... వాడికి తుపాకి అంటే ఫోన్లో ఉండేదే. అచ్చం అలాంటి మీట తుపాకే... ఏ గుండు తీసుకోవాలో ఎంచుకుంటున్నాడు.

"స్మాల్ వన్ నో యూజ్ లా అమ్మా. బిగ్ వన్ తీసుకుంటే వన్ షాట్ ఓన్లీ" అన్నాడు, ఇక్కడి పిల్లల "లా" తగిలించి.

పక్కన కూర్చుని ఇదంతా చెప్పాను. ఆట ఆపి విన్నాడు. పంది గురించి అడుగుతాడనుకున్నాను. ఎప్పుడూ ఇంగ్లీషులో బదులిచ్చేవాడు, మెల్లగా తెలుగులో అడిగాడు...

"ఆ ఎద్దు పేరేంటమ్మా?"

సింగారం అన్నాను. ముప్పై ఏళ్లుగా మా ఇళ్లలో ఎవరూ పలకని పేరు. నాయన ముందు పలకకూడదని మాకు ఎవరూ చెప్పలేదు... అయినా పలకలేదు.

ఇప్పుడు మా చేను చుట్టూ కరెంటు కంచె ఉంది. నాయన తుపాకిని స్టేషన్లో అప్పగించేశాడు. దుక్కికి అద్దె ట్రాక్టర్ వస్తుంది, పని కాగానే పోతుంది... దానికి ఎవరు పేరు పెడతారు?

మీ ఇంట్లో కూడా పేరు పెట్టి పిలుచుకున్న పశువు ఒకటి ఉండే ఉంటుంది... ఆ పేరు ఒక్కసారి పైకి పలికి, ఇక్కడ రాసి పోండి.