హమామ్‌లో పెద్దమ్మ మూల

మొన్న మంగళవారం పొద్దున మా పెద్దమ్మ పోయింది. సూర్యాపేట నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. మిర్యాలగూడలో బస్సెక్కి కూర్చున్నాక నాకు ఆమె గొంతే గుర్తొచ్చింది. ఇంట్లో మాట్లాడిన గొంతు కాదు, పాత హమామ్‌లో విన్న గొంతు.

హమామ్ అంటే ఇప్పటి పిల్లలకేం తెలుసు! మా వీధి చివర, ఒకప్పుడు బాటసారుల వేడినీళ్ల స్నానానికి రాయితో, డంగుసున్నంతో కట్టిన పెద్ద గది అది. గోడల్లో మట్టి గొట్టాలు, నేల కింద పొయ్యి. పైన గుమ్మటం, దానికి గుండ్రటి కంతలు. వాటిలోంచి ఎండ బిళ్లలు బిళ్లలుగా నేల మీద పడి, పొద్దెక్కే కొద్దీ మెల్లగా జరిగేది. నీళ్లు ఏనాడో ఆగిపోయాయి. అయినా పెద్దమ్మ వెళ్లిన ప్రతిసారీ వంగి అరచేత్తో నేలను తాకి, "జర ఎచ్చగనే ఉన్నది" అనేది. అది ఎండ వేడి పెద్దమ్మా అని నేను నవ్వేదాన్ని.

పెద్దమ్మకు చెవుడు. ఇంట్లో ఎంత అరిచినా ఒక్క ముక్క అందేది కాదు, పాపం, అన్నింటికీ తలూపేది. హమామ్‌లో మాత్రం ఆమె ఒక మూల గోడకు చెవి ఆనించి కూర్చుంటే, ఎదుటి మూలలో నేను గోడకేసి గుసగుసలాడినా ఆ మాట పైకప్పు కమాను మీదుగా పాకి ఆమెను చేరేది. ఏ మహానుభావులు కట్టారో! "మాట ఎక్కి దిగాలె బిడ్డా, జర ఆగు" అనేది. అందుకే అక్కడ మా కబుర్లు కలలో మాటల్లా నిదానంగా సాగేవి.

నాకు కోదాడ సంబంధం ఖాయం చేసినప్పుడు నన్నెవరూ అడగలేదు. అందరితోపాటు పెద్దమ్మా తలూపింది. నేను ఆమెను హమామ్‌కు తీసుకెళ్లి, నాకిష్టం లేదు, చదువుకుంటానని గోడకు చెప్పాను. ఎండ బిళ్ల ఒకటి జరిగి నా పాదం మీదికొచ్చింది. అప్పుడు గోడలోంచి పెద్దమ్మ గొంతు.

"ఇన్న బిడ్డా."

ఇంటికొచ్చి మా నాన్న ముందు నిలబడి ఈ పెళ్లి వద్దంది. చెవిటిదానికి ఏం వినపడిందని అందరూ నవ్వారు. "మీకు మంచి చెవులున్నయి గదా, పిల్లనెవరన్న అడిగిండ్రా?" అంది. ఆ సాయంత్రమే నాన్న కోదాడకు ఈ సంబంధం వద్దని కబురు పంపాడు. ఇవాళ నిడమనూరు బడిలో నేను పాఠం చెబుతున్నానంటే అది ఆమె పుణ్యమే.

అంత్యక్రియలైన మర్నాడు హమామ్‌కు వెళ్లాను. నా మూలలో కూర్చుని, గోడకేసి "పెద్దమ్మా" అన్నాను. మాట ఎక్కి దిగేదాకా ఆగాను. ఆ తర్వాతా ఆగాను. చివరికి లేచి, ఆమె కూర్చునే చోటికి వెళ్లి, వంగి అరచేయి పెట్టి చూశాను.

జర ఎచ్చగనే ఉన్నది.