టికెట్టు మీది ఫోన్ నంబరు

పర్చూరులో మా వీధి మొదట్లో ఒక నెట్ సెంటర్ ఉంది. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక లామినేషన్ మిషను, వాటి మధ్య ఇరుక్కుని కూర్చునే ముప్పై అయిదేళ్ల మనిషి. పాసుపుస్తకం నకలు కావాలన్నా, పంట నమోదు చేయించాలన్నా, పిల్లల హాల్ టికెట్టు తీయాలన్నా, రైలు టికెట్టు కొనాలన్నా మా వాళ్లందరూ అతని దగ్గరికే పోతారు. ప్రతి కాగితం మీదా ఒక ఫోన్ నంబరు రాయాలి కదా, అక్కడ అతని నంబరే పడుతుంది. సగం మందికి తమ నంబరు తమకు గుర్తుండదు. మిగతా సగం మంది ఫోను ఇంట్లో పెట్టి వస్తారు. బ్యాంకు ఓటీపీలూ, గ్యాసు బండ కబురూ, ఎవరి కూతురు పరీక్ష పాసయిందన్న సంగతీ ఆ ఇంటివాళ్లకంటే ముందు అతనికే తెలుస్తాయి. "మన వీధికి సెల్ టవరు నువ్వే బాబూ" అని నేను ఎగతాళి చేసేదాన్ని.

నేను హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెబుతాను. పదో తరగతికి వినియోగదారుల హక్కుల పాఠం ఏటా నాదే. బిల్లు అడిగి తీసుకోండి, డబ్బా మీద తేదీ చూడండి, అన్యాయం జరిగితే నోరు మూసుకోకండి అని గొంతు చించుకుంటాను. అంత చెప్పే మనిషిని, జీవితంలో మొదటిసారి విమానం టికెట్టు కొన్నప్పుడు దాన్ని మొత్తం ఒక్కసారి కూడా చదవలేదు.

మా అక్క ఢిల్లీలో నర్సు. ఇరవై ఏళ్లు అక్కడే పనిచేసింది. నా బీఈడీ ఫీజు కట్టింది ఆమె జీతమే. నిరుడు మిరపకోతల రోజుల్లో ఆమెకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. మొదట జలుబన్నారు, తర్వాత ఐసీయూ అన్నారు. బావ ఫోన్ చేసి "అత్తయ్యను తీసుకుని రామ్మా" అన్న రోజు సోమవారం. బుధవారం పొద్దున గన్నవరం నుంచి ఢిల్లీకి నేరుగా విమానం ఉందనీ, రెండు సీట్లు ఉన్నాయనీ నెట్ సెంటర్ అతను చెప్పాడు. అమ్మ ఆధార్ కార్డు పట్టుకుని బెంచీ మీద కూర్చుంది. నేను ఒక చెవికి ఫోను పెట్టుకుని బావతో మాట్లాడుతూనే, అతను అడిగినవాటికి జవాబులు చెప్పాను. టికెట్టు ప్రింటు తీసి చేతిలో పెట్టాడు. దాన్ని మడిచి అమ్మ బైబిల్లో పెట్టాను.

మా అమ్మ డెబ్బైకి దగ్గర పడుతున్నా మిరపకోతలకు పోతుంది. నేను గవర్నమెంటు జీతం తెస్తున్నాను, నువ్వు కూలికి పోవడమేమిటని ఎన్నిసార్లు పోట్లాడానో! "కాళ్లు చేతులు కదులుతున్నప్పుడు కూకోని తినమంటావేందే" అని నన్నే కసిరేది. అలాంటి మనిషి సోమవారం మధ్యాహ్నం నుంచి చేనుకు పోవడం మానేసింది. పూటకోసారి మజ్జిగతో చేతులు కడుక్కుని కొబ్బరినూనె రాసుకుంటోంది. ఎందుకమ్మా అంటే, "దాని తల మీద చెయ్యేసి ప్రార్థన చెయ్యాలి. ఈ చేతుల్తో ముట్టుకుంటే మంటెత్తదూ?" అంది. మిరపకాయ కోసిన చేతి ఘాటు రెండు మూడు రోజులైనా పోదు. చిన్నప్పుడు మాకు కన్నీళ్లు తుడవాలన్నా అమ్మ మోచేత్తోనే తుడిచేది.

మంగళవారం మధ్యాహ్నం బడిలో పరీక్ష డ్యూటీ ముగించి ఫోను చేతికి తీసుకోగానే బావ పిలుపు. "రేపు గొంతులో గొట్టం వేస్తారంట. వేశాక మాట ఉండదు. 'మా అమ్మ వస్తంది, ఒక్క పూట ఆగండి' అని డాక్టర్ను మీ అక్కే బతిమాలింది. రేపు మధ్యాహ్నం దాకా చూస్తామన్నారు" అన్నాడు. ఐసీయూలోకి ఫోను తీసుకుపోనివ్వరు. అక్క గొంతు వినాలంటే మేం అక్కడికి చేరాలి, అంతే. విమానం తొమ్మిదింటికి, పన్నెండు లోపు ఢిల్లీ, ఒంటిగంటకల్లా ఆస్పత్రి అని వేళ్ల మీద లెక్క చెప్పాను. అమ్మ ఆ లెక్కను నాచేత మూడుసార్లు చెప్పించుకుంది.

ఆ సాయంత్రం మబ్బు పట్టింది. కల్లాల్లో ఎండు మిరపకాయలున్న వాళ్లంతా కప్పడానికి టార్పాలిన్ పట్టాలు తీసుకుని పరుగెత్తారు. నేను ఇంట్లో బ్యాగు సర్దుతున్నాను.

బుధవారం పొద్దున ఏడున్నరకల్లా కారులో గన్నవరం చేరాం. గేటు దగ్గర పోలీసాయన టికెట్టు చూసి, ఏదో అనబోయి, లోపల కౌంటర్లో కనుక్కోండమ్మా అన్నాడు. కౌంటర్లో అమ్మాయి కంప్యూటరు వంక చూసి, నా వంక చూసి, మెల్లగా చెప్పింది. "మేడం, ఈ ఫ్లైట్ క్యాన్సిల్ అయింది. నిన్న సాయంత్రమే మెసేజ్ పంపాం."

"మాకేం రాలేదే!"

"వెళ్లింది మేడం. హైదరాబాద్ నుంచి ఇవాళ పొద్దున ఏడింటి ఫ్లైట్‌లో సీట్లు ఇస్తామని కూడా అందులో ఉంది." ఆ అమ్మాయి నంబరు చివరి అంకెలు చదివింది. అవి నెట్ సెంటర్ బోర్డు మీద నేను రోజూ చూసే అంకెలు.

ఏడింటి విమానం వెళ్లిపోయి అరగంట దాటింది. కబురు నిన్న తెలిసి ఉంటే, అప్పుడే కారు మాట్లాడుకుని తెల్లారేసరికి హైదరాబాదులో ఉండేవాళ్లం. పదకొండుకల్లా అక్క దగ్గర ఉండేవాళ్లం. ఇప్పుడేముందని అడిగితే, సాయంత్రం విమానం ఉంది మేడం అంది ఆ అమ్మాయి. నేను అరిచాను. ఎవరి మీద పడితే వాళ్ల మీద అరిచాను. ఆ అమ్మాయి వయసు నా దగ్గర చదివి వెళ్లిన పిల్లల వయసే. సారీ మేడం, సారీ మేడం అని అదే మాట అంటూ నిలబడింది.

"ఏమంటందే ఆ పిల్ల?" అని అడిగింది అమ్మ. చెప్పాను. అమ్మ కుర్చీలో కూర్చుని, చేతులు ఎక్కడా తగలకుండా ఒళ్లో వెల్లకిలా పెట్టుకుంది.

రెండింటికి బావ ఫోన్ చేశాడు. "ఇంక ఆగలేమన్నారు. తీసుకుపోయారు" అన్నాడు. "అమ్మ ఎక్కడిదాకా వచ్చిందని మూడుసార్లు అడిగింది. గాల్లో ఉంది, వచ్చేస్తందని చెప్పా." అప్పటికి మేం గన్నవరంలోనే ఉన్నాం.

గురువారం పొద్దున మమ్మల్ని ఐసీయూ లోపలికి పంపారు. అక్క నోట్లో గొట్టం, కళ్లు మూసి ఉన్నాయి. అమ్మ అరచేయి వాసన చూసుకుని, తల మీద పెట్టి, చాలాసేపు ప్రార్థన చేసింది. ఆమెన్ అన్నాక కూడా చెయ్యి తీయలేదు. నర్సు వచ్చి తీయించింది. శనివారం అక్క పోయింది. అక్కడే సమాధి చేసి వచ్చాం.

ఇంటికొచ్చాక నాకు నిద్ర లేదు, ఏడుపు కూడా రాలేదు. ఒళ్లంతా కోపమే. విమాన ప్రయాణికుల హక్కుల నిబంధనలు అప్పుడు కూర్చుని చదివాను, పరీక్షకు చదివినట్టు. ఇరవై నాలుగు గంటల ముందన్నా చెప్పకుండా విమానం రద్దు చేస్తే వేరే విమానమో, డబ్బు వాపసో ఇవ్వడమే కాదు, పైన పరిహారం కూడా ఇవ్వాలి. మెసేజ్ వచ్చింది పదిహేను గంటల ముందు. నాకు వాళ్ల డబ్బు అక్కర్లేదు. 'తప్పు మాది' అని ఒక్క ముక్క, సంతకంతో కావాలి. నాలుగు పేజీల ఫిర్యాదు రాసి పంపాను. అక్క ఎన్నిసార్లు అడిగిందో కూడా రాశాను.

మూడు వారాలకు మర్యాదగా, చల్లగా ఇంగ్లీషులో జవాబొచ్చింది. మీకు జరిగిన నష్టానికి విచారిస్తున్నాం. టికెట్టులో ప్రయాణికులు తమ సొంత నంబరు ఇవ్వలేదు, ఇచ్చిన నంబరుకు మేం తెలియజేశాం, కాబట్టి పరిహారం వర్తించదు. నిబంధనల్లో మళ్లీ వెతికాను. ఆ వాక్యం నిజంగానే ఉంది. మొదటిసారి చదివినప్పుడు నా కళ్లు దాని మీద ఆగలేదు.

ఆ కాగితం పట్టుకుని నేరుగా నెట్ సెంటర్‌కు వెళ్లాను. లోపల నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ల ముందే కడిగేశాను. "నీ నంబరు ఎందుకు పెట్టావ్? పెట్టినవాడివి మెసేజ్ ఎందుకు చూడలేదు? మా అక్క చివరి మాట నీ ఫోన్లో పడి చచ్చింది, తెలుసా నీకు?" అన్నాను. అతను లేచి నిలబడ్డాడు. ఆ సాయంత్రం కల్లంలో కాయ మీద పట్టాలు కప్పడానికి పోయాననీ, ఫోను షాపులో చార్జింగులో ఉందనీ, మర్నాడు పొద్దున షాపు తీశాకే చూశాననీ చెప్పాడు. "తప్పు నాదే మేడం" అన్నాడు. ఆ మాట వింటే నాకు చల్లారాలి కదా, ఇంకా మండింది.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామనుకున్నాను. నంబరు ఎవరు పెట్టారో వాళ్ల చేత రాయించుకురమ్మని తెలిసిన వకీలు చెప్పాడు. మళ్లీ వెళ్లి, ముఖం చూడకుండా, రాసివ్వమన్నాను. వెంటనే రాసిచ్చాడు. 'ప్రయాణికులను అడగకుండా, నాకున్న అలవాటు కొద్దీ నా నంబరు నేనే వేశాను' అని రాసి, కింద సంతకం పెట్టాడు.

ఇంటికొచ్చి అమ్మకు చదివి వినిపించాను. ఇప్పుడు చూద్దాం ఎట్లా తప్పించుకుంటారో అన్నాను. అమ్మ వాకిట్లో కూర్చుని కాయకు తొడిమలు తీస్తోంది. చెయ్యి ఆగింది.

"అడక్కుండా పెట్టానని రాశాడా?"

"అవును."

"అడిగాడే. నేను బెంచీ మీదే ఉన్నాగా. మీ నంబరు చెప్పండి మేడం అన్నాడు. రేపు పరీక్షల డ్యూటీ, నా ఫోను తీసేసుకుంటారు, నీదే పెట్టెయ్ బాబూ అన్నావు. మీదే పెడదాం మేడం అని మళ్లా అన్నాడు. నువ్వే కసిరావు."

లేదని అరవబోయాను. నోరు తెరిచేలోపే గుర్తొచ్చింది. చెవి దగ్గర బావ గొంతు, కీబోర్డు మీద ఆగిన అతని చేయి, విసుగ్గా నేనన్న మాట. అన్నది నేనే. మంగళవారం సాయంత్రం ఆ మెసేజ్ వచ్చిన వేళకు డ్యూటీ ఎప్పుడో అయిపోయింది, నా ఫోను నా చేతిలోనే ఉంది.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?"

అమ్మ పైటచెంగుతో చేతులు తుడుచుకుంది. "ఆ విమానాలోళ్ల మీద కోపంతోనే తిరుగుతున్నావు గదా. అదన్నా ఉండనీలే అనుకున్నా. అది కూడా లాగేస్తే నువ్వేమైపోతావోనని భయం" అంది. "కానీ ఆ అబ్బాయి చేత అబద్ధం సంతకం పెట్టించొద్దే" అంది.

మర్నాడు బడి వదిలాక ఆ కాగితం తిరిగివ్వడానికి వెళ్లాను. షాపులో ఎవరూ లేరు. అతని ముందే చింపేశాను. "నేనే పెట్టమన్నానని నీకు గుర్తుంది కదా, ఎందుకు ఒప్పుకున్నావు బాబూ?" అని అడిగాను. క్షమించమన్నాను. అతను కుర్చీ నా వైపు జరిపాడు.

"చూడాల్సింది నేనే గదా మేడం" అన్నాడు. "మీరొచ్చి అరిచి వెళ్లిన రోజు సాయంత్రం మీ అమ్మగారు వచ్చారు. మీకు చెప్పలేదా? తప్పు నీది కాదు నాయనా అని, నా తల మీద చెయ్యేసి ప్రార్థన చేసి వెళ్లారు. కోతల నుంచి తిన్నగా వచ్చినట్టున్నారు. నుదురు రెండు రోజులు మండింది మేడం."

నేను ఆ కుర్చీలో కూలబడి ఏడ్చాను. అక్క పోయాక అదే మొదటిసారి. అతను కంప్యూటరు ఆపేసి, నేను లేచేదాకా బయట అరుగు మీద కూర్చున్నాడు.