ఎవరన్నా ఇంటికి పోయిన్రా?

నా భార్య మంగళవారం మధ్యాహ్నం మూడు దాటాక చనిపోయింది. జనగామలో, మా ఇంట్లో, ముందు గదిలో వేసిన మంచం మీద. ఇక చేసేదేమీ లేదని హైదరాబాదు డాక్టర్లు పంపించి అప్పటికి పంతొమ్మిది రోజులు.

ఆ రోజు ప్రత్యేకంగా ఏమీ జరగలేదు. పొద్దున అర కప్పు చాయ్ తాగింది. పదింటికి నర్సు వచ్చి సూది వేసి వెళ్లింది. అన్నం వద్దంది. రెండు గంటలప్పుడు టీవీ పెట్టమంది, సౌండు వద్దంది. ఆమె వార్తలు చూసే పద్ధతి ఎప్పుడూ అదే. సౌండు తీసేస్తే చదివేవాళ్లకు ఆ వార్త అర్థమైందో లేదో ముఖంలో తెలుస్తుందనేది. తెర కింద ఎర్ర పట్టీలు పరుగెడుతున్నాయి. ఆరు గడుల్లో ఆరుగురు ఒకేసారి నోళ్లు కదుపుతున్నారు. ఒక మూల గడిలో కొత్తగా చేరిన అమ్మాయి చదువుతోంది. నా భార్య కాసేపు చూసి, "పాపం, ఆ పిల్లను ఊపిరి తీసుకోనిస్తలేరు" అంది. అవే చివరి మాటలు. గంట తర్వాత మందు ఇద్దామని లేపితే లేవలేదు.

మీలో కొందరు ఆమె ముఖం గుర్తుపడతారు. ఇరవై నాలుగు గంటల వార్తా ఛానెల్లో ఆరేళ్లు వార్తలు చదివింది. అంతకు ముందు మా ఊరి కేబుల్లో చదివేది. జిరాక్స్ షాపు పైన ఒక గది, గోడకు నీలం దుప్పటి, రెండు ట్యూబులైట్లు. కరెంటు కోత వేళలు, మార్కెట్లో పత్తి ధర, ఎవరో పోగొట్టుకున్న సర్టిఫికెట్లు. ఇంటి ముందు నిలబడి పక్కింటావిడకు చెప్పినట్టు చదివేది. కాలేజీ లైబ్రరీలో పని ముగించుకొని, నేను ఆ షాపు కింద నిలబడి ఆమెను ఇంటికి తీసుకొచ్చేవాణ్ని.

హైదరాబాదు ఛానెల్లో ఉద్యోగం వచ్చాక పొద్దున పుష్‌పుల్ రైలుకు పోయి సాయంత్రం రైలుకు వచ్చేది. చాలా నేర్చుకోవలసి వచ్చింది. ఎదురుగా అద్దం మీద అక్షరాలు కదులుతుంటాయి, వాటిని చదవాలి, చదువుతున్నట్టు కనపడకూడదు. చెవిలో చిన్న యంత్రం ఉంటుంది, అందులో ప్రొడ్యూసరు మాట్లాడుతూనే ఉంటాడు. ఛానెల్ వాళ్లు ఇచ్చిన కోటు పైకి మాత్రమే. బల్ల కింద పాత చెప్పులే. "ఎనర్జీ మేడమ్, ఎనర్జీ" అని తెర మీదికి వచ్చిన మొదటి నెలంతా చెవిలో చెప్పారట. ఎనర్జీ అంటే అరవడమని ఆమెకు తెలియడానికి కొంతకాలం పట్టింది. కొంత గొంతు పెంచింది. పూర్తిగా పెంచలేకపోయింది.

ప్రతి వార్తకూ ముందు మోగే డప్పుల మోత ఆమెకు నచ్చేది కాదు. "మన దిక్కు దరువు ఇంటే సావో పెండ్లో ఎరుకైతది. వీళ్లకు రెండిటికీ ఒకటే దరువు" అనేది.

ఇంట్లో ఆ భాషతోనే నన్ను ఆట పట్టించేది. నేను వండిన రోజు గిన్నె మూత తీసి, ఫోన్లో మాట్లాడే విలేకరి గొంతుతో, "ఇక్కడ కూర పరిస్థితి చూసుకున్నట్లయితే, ఉప్పు కోసం ఆందోళన కొనసాగుతోంది" అనేది. ఇప్పుడు రాస్తుంటే కూడా ఆ గొంతు వినిపిస్తోంది.

చేరినప్పుడు ఆమె మాటలో పుట్టిన ఊరు మానుకోట యాస వినిపిస్తోందని మూడు వారాలు తెర మీదికి రానివ్వలేదు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం పెరిగాక అదే ఛానెల్ వాళ్లు పిలిచి, తలకు రుమాలు చుట్టుకొని యాసలో వార్తలు చదవమన్నారు. నవ్వు తెప్పించాలన్నారు. "నా మాటకు వేషం ఎందుకు?" అని అడిగి వచ్చేసింది. మర్నాడు ఎప్పటి కోటుతోనే వార్తలు చదివింది.

అసలు చెప్పాలనుకున్నది ఇది. ఉద్యమంలో రైళ్లు ఆపిన రోజుల్లో ఒకసారి ఆమె ఇంటికి రాలేక రెండు రోజులు స్టూడియోలోనే ఉండిపోయింది. రెండో రోజు మధ్యాహ్నం, పట్టాల దగ్గర తొక్కిసలాటలో ఒక విద్యార్థి చనిపోయాడని విలేకరి ఫోన్ చేశాడు. పేరు, ఊరు చెప్పాడు. కొడకండ్ల దగ్గరి తండా. అద్దం మీదికి అక్షరాలు ఇంకా రాలేదు. చదవమని చెవిలో చెప్పారు. ఆమె చదివింది. అరవలేదు, డప్పుల మోత ఆగేదాకా ఆగి, పేరూ ఊరూ నెమ్మదిగా, స్పష్టంగా చదివింది. నలభై నిమిషాల్లో తొమ్మిదిసార్లు. ఎవరు చూశారని అడగాల్సింది, అడగలేదు. ఈ మాట నాది కాదు, ఆమే చాలాసార్లు అనుకున్నది.

ఆ పిల్లవాడు చనిపోలేదు. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పాడు. సాయంత్రానికి జనగామ దవాఖానలో లేచి కూర్చున్నాడు. ఛానెల్లో పట్టీ తీసేశారు. తప్పు చదివామని చెప్దామని ఆమె అడిగింది. "బతికే ఉన్నాడు కదా, మంచిదే కదా" అన్నారు.

రైళ్లు నడిచిన మర్నాడు ఇద్దరం కొడకండ్ల బస్సెక్కాం. అక్కడి నుంచి ఆటోలో తండాకు. తలకు కట్టుతో పిల్లవాడు మంచం మీద ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు. అతని తల్లి వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. ఆ రోజు తండాలో ఏ పొయ్యీ వెలగలేదని, ఆడవాళ్లంతా చుట్టూ చేరి పొద్దుగుంకేదాకా ఏడ్చారని పక్కింటివాళ్లు చెప్పారు. చావు కబురు చెప్పడానికి ఇద్దరు మనుషులు చుట్టాల తండాలకు నడిచి పోయారు. ఆ ఇద్దరే మర్నాడు, చావలేదని చెప్పడానికి మళ్లీ పోయారు. ఒక తండావాళ్లు అప్పటికే బయలుదేరి దారిలో ఎదురయ్యారట.

నా భార్య ఆ తల్లి ముందు కింద కూర్చుంది. "నేనే చదివిన. తప్పు నాది" అంది.

ఆ తల్లి చాట పక్కన పెట్టింది. ఇంట్లో ఎవరికో తమ లంబాడీ భాషలో ఏదో చెప్పింది, తర్వాత తెలుగులో అంది. "నువ్వు సదివినవనే నమ్మిన బిడ్డా. గా గొంతు చించుకోని ఒర్లెటోళ్లు జెప్తే నమ్మకపోయేదాన్ని."

లోపలి నుంచి చాయ్ వచ్చింది, తాగాం. లేచేటప్పుడు ఆ తల్లి మళ్లీ మాట్లాడింది. కోపంగా కాదు, పని చెప్పినట్టు. "సావు కబురు టీవీ పెట్టెలకెళ్లి రావద్దు బిడ్డా. మనిషి రావాలె. వచ్చి ముందుగాల కూసోవాలె. నీళ్లడిగి తాగాలె. అప్పుడు జెప్పాలె."

అప్పటి నుంచి స్టూడియోలో చావు వార్త వస్తే నా భార్య ఒకటే అడిగేది. "ఎవరన్నా ఇంటికి పోయిన్రా?" పోలేదంటే పేరు చదివేది కాదు. ఊరు చెప్పేది, పేరు ఆపేది. పక్క ఛానెల్లో వచ్చేసింది మేడమ్ అని చెవిలో అరిచినా ఆపేది. ఎవరన్నా ఆ ఇంటికి పోయి చెప్పమని విరామంలో తానే ఫోన్లు తిప్పేది. సర్పంచుకో, రేషన్ డీలరుకో, ఎవరు దొరికితే వాళ్లకు. భూపాలపల్లి దిక్కు అయితే అక్కడ బొగ్గుబావిలో పనిచేసే వాళ్లన్నకు చేసేది. ఒకసారి టేకుమట్ల పక్క ఊరికి పోవాల్సి వచ్చి ఆయన విసుక్కున్నాడు.

"నీ ఛానెలు నాకు జీతమిస్తదా?"

"ఇయ్యదన్నా. జర పోయిరా."

పోయివచ్చేవాడు. అట్లా నాలుగైదుసార్లు పోయాడు.

దీనివల్ల ఆమెకు సాయంత్రం వార్తలు పోయాయి. మధ్యాహ్నం రెండు గంటల వార్తలు ఇచ్చారు. ఆ ప్రశ్ననే ఆమెకు పేరుగా పెట్టుకొని వెనుక నవ్వుకునేవారు. "ఇంటికి పోయిన్రా మేడమ్ వచ్చింది" అనేవారట. ఆమే నాకు చెప్పి నవ్వింది. తాను చేసింది గొప్ప పని అని ఎప్పుడూ అనుకోలేదు. ఒక తప్పు చేశాను కాబట్టి ఒక పని నెత్తిన పడింది అనేది, అంతే.

ఒక కోరిక మాత్రం ఉండేది. రాష్ట్రం వచ్చిందన్న వార్తను తాను చదవాలని. ఒకసారి వచ్చిందన్నారు, రెండు వారాలకు ఆగిందన్నారు, రెండూ ఒకే గొంతుతో అరిచారు. అసలు రోజున మామూలుగా చదవాలి, వినేవాళ్లకు అరుచుకునే చోటు వదలాలి అనేది. వంటింట్లో ఒకటి రెండుసార్లు ఆ ఒక్క వాక్యం చదవగా విన్నాను. బాగుంది. ఆ వార్త ఇంకా రాలేదు.

మంగళవారం సాయంత్రం నేను ఎవరికీ ఫోన్ చేయలేదు. మా తమ్ముడు రైలెక్కి మానుకోట పోయి ఆమె తల్లికి చెప్పాడు. మా కాలేజీ మిత్రుడు భూపాలపల్లి పోయాడు. అరుగు మీద కూర్చొని మంచినీళ్లు అడగగానే ఆమె అన్న తెల్లబోయి, "మా చెల్లెనా?" అన్నాడట. ఆ పద్ధతి అతనికి తెలుసు.

ఈ రోజు గురువారం. నిన్న దహనం అయింది. ఈ మధ్యాహ్నం ఛానెల్ నుంచి ఫోన్ వచ్చింది. ఆ రోజు తెర మీద చూసిన అమ్మాయే. ఆమెకు మైకు పెట్టుకోవడం నేర్పింది నా భార్యే అని చెప్పింది. తర్వాత అడిగింది. "సార్, మేడమ్ ఫొటో పెట్టి సాయంత్రం వార్తలల్ల చెప్దామనుకుంటున్నం. అందరిండ్లకు పోయిన్రా?"

పోయాం అన్నాను. అన్నాక తండా గుర్తొచ్చింది. ఆ తల్లికి ఇప్పుడు ఇంట్లో టీవీ ఉంది. రెండు గంటల వార్తలు తప్పకుండా చూస్తుంది. నా భార్య ఏటా ఒకసారి వెళ్లి వచ్చేది. ఈ ఏడాది వెళ్లలేదు. జబ్బు సంగతి చెప్పలేదు. తెర మీద ఎందుకు కనపడటం లేదో ఆమెకు తెలియదు.

"ఒక ఇల్లు మిగిలిందమ్మా" అన్నాను.

"అయితే ఆగుతం సార్" అంది. ఎక్కడ, ఎవరు అని అడగలేదు.

ఈ నాలుగు మాటలు అచ్చు వేసేవారికి కూడా ఆగమని చెప్పాను.

ఆ తండా పిల్లవాడి ఫోన్ నంబరు నా దగ్గర ఉంది. చేయను. మైల కనుక పదకొండో రోజు దాకా ఎవరి గడపా తొక్కొద్దని పెద్దలన్నారు. తొక్కను. రేపు పొద్దున మొదటి బస్సుకు కొడకండ్ల పోతాను. తండాలో ఆ ఇంటి వాకిట్లోనే కూర్చుంటాను. నీళ్లు అడిగి తాగుతాను. అప్పుడు చెప్తాను.